పద్నాలుగో పేజీ దిద్దుకోండి



పోస్టు పెద్దగుంటది. టైం లేనోళ్లు ఈ ఒక్క ముక్క చదివి పొండి. ఇంటర్ ఫస్టియర్ మ్యాథ్స్ 1ఎ కోసం మేము చేత్తో రాసిన నోట్సు జిరాక్సులు మీలో శానామంది దగ్గర ఉన్నయి. మొదటి పేజీ మూలకు చాయ్ మరక నల్లగ పడి ఉంటది, అదే మాది. దాంట్ల 14వ పేజీ తప్పు. త్రికోణమితీయ సమీకరణాల్లో "రెండు పక్కలా సైన్ ఉంటే కొట్టేయాలె" అని రాసినం. కొట్టేయొద్దు. ఆ లైను మీద గీత పెట్టుండి. ఎందుకో తెలుసుకోవాలంటే కిందికి చదవండి.

మేము ఒక రూంల ఐదుగురం. నలుగురం తాండాల నుంచి వచ్చినోళ్లం, డిగ్రీ మ్యాథ్స్ గ్రూపు. ఐదో మనిషి మా తమ్ముడు, నల్లమల అంచు మీది చెంచు పెంట నుంచి వచ్చిండు, అప్పుడు ఇంటర్ ఫస్టియర్. మా ఐదుగురి ఇండ్లల్ల కాలేజీ మెట్టెక్కిన మొదటోళ్లం మేమే. ఇంటికాడ ఒక లెక్క అడుగుదమంటే అడిగేటందుకు మనిషి లేడు. అందుకే మా సీనియర్లు మాకు రాసిచ్చిండ్రు, మేము జూనియర్లకు రాసిచ్చినం. ఆ నోట్సు అచ్చంపేట దాకా, వనపర్తి దాకా పోయిందని తెలిసి మస్తు సంతోషపడ్డం. తప్పు కూడా అంతే దూరం పోయిందని అప్పుడు తెల్వలే.

పోయిన ఏడు ఏప్రిల్‌ల రిజల్ట్స్ వచ్చినయి. తమ్ముడు మిగతా అన్నీ పాస్, మ్యాథ్స్ 1ఎ ఫెయిల్. 75కు 26 రావాలె, 24 వచ్చినయి. ఫస్టియర్ ఒక పేపర్ పోయినా సెకండియర్‌కు పోవచ్చు, సప్లిమెంటరీ రాసుకోవచ్చు. ఆ సంగతి వానికీ తెలుసు. కానీ వాడు ట్రంకుపెట్టె సర్దుకున్నడు. "నాతోని కాదన్నా. మామిడి తోటల పని దొరికింది, పోత" అన్నడు.

కొల్లాపూర్ మామిడి సంగతి మీకు తెలుసు. ఏప్రిల్, మే వచ్చిందంటే ఊరంతా తోటల్లనే ఉంటది. కాయ తెంపేటోళ్లు, ఏరేటోళ్లు, పెట్టెల నింపేటోళ్లు, లారీలకు ఎత్తేటోళ్లు. సప్లిమెంటరీ పరీక్షలు కూడా సరిగ్గ అప్పుడే. మన పిల్లలకు పరీక్ష, కూలి ఎప్పుడూ ఒకే నెలల వస్తయి. హాస్టల్ కూడా సెలవులకు మూస్తరు. ఇగ చదువుకొనేటందుకు జాగ ఏది, గంట ఏది?

సప్లిమెంటరీ ఫీజు మేమే కట్టినం. జవాబుపత్రం కాపీకి కూడా కట్టినం. రెండే రెండు మార్కులు, దిద్దేకాడ ఎక్కడన్న పొరపాటు జరిగి ఉంటదని మా అనుమానం. మేము ముగ్గురం కూడా వాడు పోయిన తోటకే పనికి పోయినం.

కాపీ వచ్చేసరికి సప్లిమెంటరీకి తొమ్మిది రోజులే ఉన్నయి. ఫోన్ల తెరిచి చూసినం. ఒక నాలుగు మార్కుల లెక్కకు ఒకటే పడ్డది. అంకెలు కొంచెం వేరు గానీ లెక్క తీరు ఇది:

2 సైన్² థీటా = సైన్ థీటా

వాడు రెండు పక్కలా ఒక్కో సైన్ కొట్టేసి, 2 సైన్ థీటా = 1, సైన్ థీటా = 1/2, అందుకని 30°, 150° అని శుభ్రంగ రాసిండు. కొట్టేసిన లైను కింద ఎర్ర గీత ఉంది. మాకు కోపమొచ్చింది. జవాబు కరెక్టే కదా, 30° పెడితే సరిపోతున్నది, 150° పెట్టినా సరిపోతున్నది. మూడు మార్కులు అన్యాయంగ కోసిండ్రని మా లెక్చరర్‌కు ఫోటో పంపినం. గొడవ చేయాలె సార్ అని కూడా రాసినం.

సార్ రాత్రి ఫోన్ చేసి ఒకటే మాట అడిగిండు. "180 పెట్టి చూసినరా?"

పెట్టి చూసినం. సైన్ 180° అంటే సున్న. ఎడమ పక్క రెండు సున్నలు సున్న. కుడి పక్క సున్న. సరిపోయింది. 0° పెట్టినం, అది కూడా సరిపోయింది. అంటే 0° నుంచి 360° లోపల నాలుగు జవాబులున్నయి. మా తమ్ముడు రెండే రాసిండు. మిగతా రెండూ ఎర్ర గీత ఉన్న ఆ లైన్లనే పోయినయి.

అప్పుడు నోట్సు తీసినం. 14వ పేజీ. మా చేతిరాతే.

ఎందుకు తప్పో చెప్తం. 6x = 3x లాంటి లెక్కల మీరు 3తో భాగిస్తే ఏం కాదు, 3 ఎన్నడూ సున్న కాదు కాబట్టి. కానీ సైన్ థీటా మనకు తెలియని సంఖ్య. అది సున్న కూడా కావచ్చు. సున్నతో భాగించొద్దని ఐదో తరగతిల చదివినం, ఇక్కడికొచ్చి మరిచిపోయినం. కొట్టేయడం అంటే భాగించడమే అని మాకు తోచలే. సరైన దారి ఇది: అంతా ఒక పక్కకు తెచ్చుకోవాలె.

2 సైన్² థీటా − సైన్ థీటా = 0
సైన్ థీటా (2 సైన్ థీటా − 1) = 0

రెండింటి లబ్ధం సున్న అయితే ఇదన్నా సున్న, అదన్నా సున్న. సైన్ థీటా = 0 అయితే 0°, 180°. సైన్ థీటా = 1/2 అయితే 30°, 150°. నాలుగూ వచ్చినయి, ఒక్కటి పోలే. ఇట్లనే 360° చొప్పున కలుపుకుంట పోతే సాధారణ సాధన వస్తది.

ఆ రాత్రి తోటల కావలి గుడిసె కాడికి పోయినం. పగలంతా చిక్కం కట్టిన గడతోని కాయ తెంపి తమ్ముని భుజాలు వాచి ఉన్నయి, సొన పడి మోచేతుల దాకా నల్లగయింది. వానికి కాపీ చూపించినం, సార్ అడిగింది చెప్పినం. వాడు శానాసేపు చూసిండు.

"మీరు చెప్పిందే రాసిన కదన్నా" అన్నడు.

అరిస్తే బాగుండు అనిపించింది. అరవలే. మేము నలుగురం ఒక్కో తీరుగ సర్ది చెప్పబోయి, చివరికి ఉన్నదే ఒప్పుకున్నం. తప్పు నేర్పింది మేము, ఫెయిలైంది నువ్వు. తొమ్మిది రోజులున్నయి, పని అయినాక రోజూ రెండు గంటలు కూసుందం, నీకిష్టమైతేనే అన్నం. "అయితే ఒకటి. ఇప్పటి సంది ఎందుకో చెప్పకుంట ఏది చెప్పినా నేను రాయ" అన్నడు.

ఆ షరతు మాకు చిన్నగ కనపడ్డది. మొదటి రాత్రే ఇరుక్కున్నం.

చార్జింగ్ లైటు పెట్టుకొని, మామిడి పెట్టెల అట్టమూతల వెనక లెక్కలు చేసినం. మొదటిది:

2 కాస్² థీటా + 3 సైన్ థీటా = 0

దీంట్ల సైన్ ఉంది, కాస్ ఉంది. రెండూ కలిసి ఉంటే వర్గ సమీకరణం కాదు, ముందు ఒక్కటే నిష్పత్తి మిగలాలె. వర్గం ఉన్న దాన్ని మార్చడం అలక. సైన్² + కాస్² = 1 కాబట్టి కాస్² జాగల 1 − సైన్² రాయాలె. 2 − 2 సైన్² థీటా + 3 సైన్ థీటా = 0. గుర్తులు మార్చి రాస్తే 2 సైన్² థీటా − 3 సైన్ థీటా − 2 = 0. సైన్ థీటాను "టి" అనుకుంటే:

2టి² − 3టి − 2 = 0
(2టి + 1)(టి − 2) = 0

టి = −1/2, లేకుంటే టి = 2. "రెండు కొట్టేయ్, మైనస్ అరనే తీసుకో" అన్నం.

వాడు పెన్ను కింద పెట్టిండు. "మొన్న సైన్ కొట్టేయమంటిరి, తప్పాయె. ఇయ్యాల 2 కొట్టేయమంటున్నరు. ఇదెట్ల రైటు?"

సైన్ −1 నుంచి 1 దాకానే ఉంటది, దాని వ్యాప్తి అంతే, అన్నం. "ఎందుకంతే?" అన్నడు. మేము నలుగురం డిగ్రీ మ్యాథ్స్ చదువుతున్నోళ్లం, ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. ఆ మాట కొన్ని వందల సార్లు రాసినం, ఎందుకని ఒక్కసారి అడగలే.

మాలో ఒకనికి లైబ్రరీల చదివిన ముక్క గుర్తుకొచ్చింది. సైన్‌కు మన దేశంల పాత పేరు జ్య. జ్య అంటే వింటినారి. ఆర్యభటుడు క్రీ.శ. 499ల రాసిన ఆర్యభటీయంల 3¾ డిగ్రీల చొప్పున 90 దాకా 24 జ్యల లెక్క ఇచ్చిండు. గుండ్రంల ఒక ముక్క వంపు విల్లు అయితే, దాని రెండు కొసలను కలిపే గీత నారి. అండ్ల సగం అర్ధజ్య. రాను రాను సగం అనే మాట పోయి ఒట్టి జ్య, జీవ అని మిగిలింది. ఆ జీవ అరబ్బుల దగ్గరికి పోయి జిబ అయింది. వాళ్ల రాతల అచ్చులు రాయరు, అందుకే తర్వాతోళ్లు దాన్నే జైబ్ అని చదివిండ్రు. ఆ మాటకు ఒడి అని, మడత అని అర్థం. 12వ శతాబ్దంల లాటిన్‌కు మార్చినోళ్లు అదే అర్థమొచ్చే సైనస్ అనే మాట పెట్టిండ్రు. అదే మన సైన్.

చెంచు పిలగానికి విల్లు గురించి చెప్తున్నమని మాకు మధ్యల తోచి ఊకున్నం. వాడు నవ్విండు. "ఎందుకన్నా ఆగిండ్రు? నాకేం విల్లు రాదు. మా తాతది గోడకు వేలాడుతుంటది. అడవిల వేట బందయి ఎన్ని ఏండ్లాయె" అన్నడు. అని, సుతిలి తాడు తీసుకొని, ఒక పుల్ల నేలల గుచ్చి, మట్టిల గుండ్రం గీసిండు. దాంట్ల ఒక చిన్న విల్లు, దాని నారి. ఇంకొంచెం పెద్ద విల్లు, దాని నారి. ఇంకొకటి.

"వంపు పెరిగితే నారి పెరుగుతది. పెరిగి పెరిగి నడిమిట్ల నుంచి పోతది. అదే అన్నిటికంటె పెద్దది, వ్యాసం. దాంట్ల సగం ఈ తాడంత, వ్యాసార్ధం. అది దాటినంక మళ్ల చిన్నగైతది. వ్యాసార్ధం 1 అయితే సగం నారి 1 దాటదు. 2 ఎక్కడికెళ్లి వస్తది?" అని వానికి వాడే చెప్పుకున్నడు. గీత కిందికి పోతే మైనస్, అది కూడా 1 దాటదు. తర్వాత పెన్ను తీసుకొని 2 పక్కన "గుండ్రంల పట్టదు" అని రాసి, అప్పుడు కొట్టేసిండు.

సైన్ థీటా = −1/2. సైన్ మైనస్ అయ్యేది మూడో పాదం, నాలుగో పాదంల. అందుకని 210°, 330°.

ఇక్కడ శానామంది ఆగే జాగ ఒకటి చెప్పాలె. టి దొరకంగనే లెక్క అయిపోయిందని కింద గీత గీస్తరు. లెక్క అడిగింది టి కాదు, థీటా. టి మనం మధ్యల తెచ్చుకున్న బదులు మనిషి. మళ్ల థీటా దాకా పోవాలె, పాదాలు చూడాలె, దొరికిన కోణాలు మొదటి లైన్ల పెట్టి సరిచూడాలె. తోటల కాయలు ఏరేకాడ మేస్త్రీ రోజూ అరిచేది అదే, కాయను తిప్పి చూడకుంట పక్కకు పడేయకుండ్రి, తిప్పి చూడకుంట పెట్టెల వేయకుండ్రి అని.

నాలుగో రాత్రి ఈ లెక్క వచ్చింది:

1 + సైన్² థీటా = 3 సైన్ థీటా కాస్ థీటా

దీన్ని చేసే పద్ధతి రెండు పక్కలా కాస్² థీటాతో భాగించడం. తమ్ముడు వెంటనే పట్టుకున్నడు. "ఇది భాగించుడు కాదా? ఇక్కడ పోవా జవాబులు?" ఈసారి మేము తయారై వచ్చినం. భాగించే ముందు అది సున్న అయితే ఏమైతదో చూడాలె. కాస్ థీటా సున్న అయితే సైన్² థీటా 1. ఎడమ పక్క 2, కుడి పక్క 0. సరిపోదు. అంటే కాస్ సున్న అయ్యే కోణాల్లో ఈ లెక్కకు జవాబే లేదు, భాగిస్తే పోయేది ఏమీ లేదు. ఈ ఒక్క లైను రాసి భాగించాలె. సెక్² = 1 + టాన్² కాబట్టి 1 + 2టి² = 3టి, అంటే 2టి² − 3టి + 1 = 0. ఇక్కడ టి అంటే టాన్ థీటా. (2టి − 1)(టి − 1) = 0. టి = 1 అయితే 45°, 225°. టి = 1/2 మనం బట్టీపట్టిన పట్టికల లేదు. అయినా కొట్టేయొద్దు. టాన్‌కు −1, 1 అనే హద్దు లేదు, ఏ సంఖ్య అయినా కావచ్చు. టాన్ విలోమం 1/2 అని రాసి, దానికి 180° చొప్పున కలపాలె.

వర్గం చేసేకాడ దీనికి ఉల్టా ఆపద. సైన్ థీటా + కాస్ థీటా = 1 ని వర్గం చేస్తే 2 సైన్ థీటా కాస్ థీటా = 0 వస్తది, 0°, 90°, 180°, 270° నాలుగూ దొరుకుతయి. మొదటి లైన్ల పెట్టి చూస్తే 180°కి −1, 270°కి −1. ఆ రెండూ దొంగ జవాబులు. భాగిస్తే ఉన్నది పోవచ్చు, వర్గం చేస్తే లేనిది రావచ్చు. మేము ఈ ఒక్క వాక్యం 14వ పేజీల రాసి ఉంటే సరిపోయేది.

తమ్ముడు సప్లిమెంటరీ రాసిండు. పరీక్ష రోజు తోటల సగం పూట కూలి పోయింది, మాకూ పోయింది. జూన్‌ల రిజల్ట్: 41. ఇప్పుడు సెకండియర్ అయిపోవస్తున్నది.

అంతా బాగనే అయిందని ముగించలేము. తాండా పిలగాడు ఒకడు, పక్క రూంలోడు, మా నోట్సే చదివినోడు, ఆ ఏప్రిల్‌ల ఫెయిలై హైదరాబాద్ పనికి పోయిండు. వాడు ఏ లెక్క తప్పు చేసిండో మాకు తెల్వదు. వాని జవాబుపత్రం ఎవరం తెప్పియ్యలే. 14వ పేజీ వల్ల కాకపోయి ఉండొచ్చు. కానీ కాలేదని చెప్పేటందుకు మా దగ్గర ఏ కాగితం లేదు. ఫోన్ చేస్తే "తర్వాత చూద్దమన్నా" అంటడు. ఈ పోస్టు వానికి కూడా పంపుతున్నం.

ఈసారి సప్లిమెంటరీ రాసేటోళ్లు, వచ్చే ఏడు రాసేటోళ్లు ఇవి చేసి చూడుండి. 0° నుంచి 360° లోపల జవాబులు కింద ఇచ్చినం, ముందుగాల చూడొద్దు.

1. కాస్² థీటా = కాస్ థీటా
2. 2 కాస్² థీటా − 5 కాస్ థీటా + 2 = 0
3. 2 కాస్² థీటా + 11 సైన్ థీటా = 7
4. కాస్ 2థీటా + సైన్ థీటా = 0
5. టాన్² థీటా − (1 + √3) టాన్ థీటా + √3 = 0

జవాబులు: ఒకటోది 0°, 90°, 270°. రెండోది 60°, 300°. మూడోది 30°, 150°. నాలుగోది 90°, 210°, 330°. ఐదోది 45°, 60°, 225°, 240°. నాలుగోదాంట్ల కాస్ 2థీటా జాగల 1 − 2 సైన్² థీటా రాసుకోవాలె. రెండోదాంట్ల, మూడోదాంట్ల ఒక్కో మూలం గుండ్రంల పట్టదు, అదేందో, ఎందుకో పక్కన రాసి కొట్టేయాలె.

నోట్సు కొత్తగ రాసినం. 14వ పేజీ తమ్ముడే రాసిండు. ఇప్పుడు ఫస్టియర్ పిల్లలు వాని దగ్గరికే పోతున్నరు. వాడు లెక్క చూసే ముందు కొట్టేసిన లైను మీద వేలు పెట్టి "ఇది ఎందుకు కొట్టేసినవ్?" అని అడుగుతడు. చెప్పగలిగితేనే పేజీ తిప్పుతడు.

పాత జిరాక్స్ ఎవరికిచ్చిండ్రో గుర్తు చేసుకొని వాళ్లకు కూడా చెప్పుండి. ఈ పోస్టుల ఇంకేమన్న తప్పుంటే మొహమాటపడకుంట చెప్పుండి, దిద్దుకుంటం.

మీ కొల్లాపూర్ హాస్టల్ తమ్ముళ్లు